అక్క కూతురు, దీర్ఘచతురస్రం, నాలుగు చీపురు పుల్లలు

మా అక్క కూతురు పర్లాకిమిడిలో ఒడియా మీడియంలో ఎనిమిదో తరగతి. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. నేనేమో బోర్డరు దాటి పాతపట్నంలో తెలుగులో చదువుకున్నవాణ్ణి. లెక్కలు చెబుతానని కూర్చున్నదీ నేనే, తప్పు చెప్పిందీ నేనే. చతురస్రం కూడా ఒక దీర్ఘచతురస్రమేనా అని టెస్టులో అడిగితే కాదని రాసి మార్కు పోగొట్టుకుని, "నువ్వే కదా మావయ్యా చెప్పావు" అని నా మీద పడింది.

నిజమే, కానీ ఇందులో సగం తప్పు తెలుగు మాటది. చతురస్రాన్ని సాగదీస్తే దీర్ఘచతురస్రం అన్నట్టుంటుంది ఆ పేరు. లెక్కల్లో సరిగ్గా తిరగేసి, చతురస్రమే దీర్ఘచతురస్రంలో ఒక రకం. ఒడియాలో ఈ గొడవ లేదు, దీర్ఘచతురస్రం ఆయతచిత్ర, చతురస్రం బర్గచిత్ర. ఆ మాటకొస్తే గ్రీకు లెక్కల పండితుడు యూక్లిడ్ కూడా నా పార్టీయే! క్రీ.పూ. 300 ప్రాంతంలో ఆయన, కోణాలు లంబంగా ఉండి భుజాలన్నీ సమానం కానిదాన్నే దీర్ఘచతురస్రం లెక్కలో వేశాడు. ఇప్పటి పుస్తకాలు నాలుగూ లంబకోణాలైతే చాలంటాయి, భుజాల పొడుగు అడగవు.

నోటితో చెబితే దాని మొహంలో నమ్మకం కనపడలేదు. అమ్మ చూడకుండా చీపురులోంచి నాలుగు పుల్లలు లాగి, ఒకే కొలతకి విరిచి, కొసలు సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కల్లో దూర్చాను. చతురస్రం తయారు. ఓ మూల పట్టుకుని పక్కకి నెట్టగానే అది ఒరిగిపోయి రాంబస్ అయింది. పుల్లలు అవే, కోణాలు మారాయి, మధ్యలో చోటు తగ్గింది, ఇంకా నెడితే పుల్లలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. భుజాలు సమానమైతే సరిపోదు, కోణాలూ సమానం కావాలి, క్రమ బహుభుజికి (బహుభుజి అంటే నేరు గీతలతో మూసిన బొమ్మ) రెండు షరతులూ ఎందుకు పెట్టారో దానికి అక్కడ వెలిగింది. మూడు పుల్లలతో చేసిన త్రిభుజం మాత్రం ఎంత నెట్టినా కదల్లేదు.

మిగతా బహుభుజుల పేర్లకి టెన్షన్ అక్కర్లేదు, భుజాలు లెక్కపెట్టుకోవడమే. ఒక్క వంపు గీత ఉన్నా బహుభుజి కాదు, అంతే.

చిక్కల్లా నక్షత్రంతో వచ్చింది. వాకిట్లో అమ్మ వేసిన ఐదు మొనల ముగ్గులో లోపలి గీతలు తుడిచేసి, అంచు మాత్రం ఉంచి, భుజాలెన్ని అని అడిగాను. ఠక్కున ఐదంది. వేలు పెట్టి అంచంతా తిరిగొచ్చాక పది తేలాయి. మొనల మధ్య లోపలికి నొక్కుకుపోయిన ఐదు చోట్లా లోపలి కోణం 180 డిగ్రీలు దాటింది, కాబట్టి ఇది పుటాకార బహుభుజి. అయినా సూత్రం మారదు, భుజాల్లోంచి రెండు తీసేసి 180తో గుణిస్తే కోణాల మొత్తం 1440.

అది ఇంకా గుణిస్తూనే ఉంది, గుమ్మంలోంచి అమ్మ, "ముందు నా ముగ్గు దిద్దండర్రా, చీపురు సంగతి తర్వాత చూస్తాను" అంది.