పదకొండో గుండు

పదకొండు ఉండాలి. పది ఉన్నాయి.

సాయంత్రం నుంచి ఇదే గొడవ. పడుకుంటే కళ్ల ముందు గుండ్లే దొర్లుతున్నాయి, అందుకే లేచి వచ్చి ఇది రాస్తున్నాను. నేను బాగుచేస్తున్న పాత సైకిలుకు, పెడళ్ల ఇరుసు సాఫీగా తిరగడానికి కుడివైపు పదకొండు ఉక్కు గుండ్లు, ఎడమవైపు పదకొండు, అన్నీ పావు అంగుళానివి. ఇలాంటి పాత సైకిళ్లకు లెక్క అదే. కుడివైపువి సరిపోయాయి. ఎడమవైపువి కిరోసిన్ గిన్నెలో పదే దొరికాయి. మూడుసార్లు లెక్కపెట్టాను, నాలుగోసారి చిన్నదాని చేత పెట్టించాను. "పదే అమ్మా. అయినా వీటిని పారేస్తానన్నావుగా?" అంది.

అవును, పారేస్తాను. అరిగిన గుండ్లు మళ్లీ వేయకూడదు, అన్నీ కొత్తవే వేయాలి. మరి పారేసే వస్తువు కోసం బాల్కనీలో మోకాళ్ల మీద ఎందుకు పాకానని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

నిజానికి ఇవాళ రాయాల్సింది ఫ్రేము గురించి. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో పాత గుడ్డలు ముంచి, గొట్టాలకు చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున రుద్దితే తుప్పు మడ్డిలా జారిపోయింది. గొట్టాలను కలిపే తొడుగుల, అంటే లగ్గుల, అంచులు ఆకు మొనల్లా సన్నగా బయటపడ్డాయి. ఆ సంతోషం పట్టుమని పది నిమిషాలు. వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఫోను మోగితే లోపలికి వెళ్లి వచ్చేసరికి ఫ్రేము ఒళ్లంతా నారింజ రంగు పొడి! కడిగిన వెంటనే ఆరబెట్టి నూనె పట్టించాలని నాకు తెలియదా? తెలుసు. మళ్లీ మొదటి నుంచి రుద్దాను.

ఇక మా ఆయన సంగతి. ఈ వారంలో రెండు సాయంత్రాలు కుడివైపు గుండ్లను పట్టి ఉంచే మర కప్పుతో కుస్తీ పట్టాను. నూనె పోశాను, వేడి చేశాను, పానాకు గొట్టం తొడిగి వేలాడాను. కదలదు. పేపరు చదువుకుంటూ ఆయన తల ఎత్తకుండా "అటు కాదేమో" అన్నారు. సుత్తికీ స్క్రూడ్రైవరుకూ తేడా తెలియని మనిషి! నేను వినలేదు. తీరా చూస్తే అక్కడ ఉన్నది ఎడమ మర, అంటే మామూలు మరకు తిరగేసి తిప్పితేనే ఊడేది. తొక్కేకొద్దీ గుండ్లు దొర్లే ఒత్తిడికి కప్పు తనంతట తాను ఊడిరాకుండా కుడివైపు అలా పెడతారట. అంటే రెండు రోజులు నేను విప్పుతున్నాననుకుంటూ ఒళ్లు దాచుకోకుండా బిగించాను. నిన్న ఆయన ఇంట్లో లేని సమయం చూసి అటువైపు తిప్పాను. వచ్చేసింది.

అలాంటి మనిషి, ఏడాదికోసారి చీపురు ముట్టుకునే మనిషి, ఇవాళే బాల్కనీ ఊడ్చారు. గిన్నె పక్కన పెట్టి మరీ ఊడ్చారు. గుండు పోయిందంటే పోదా?

ఇది రాస్తుంటే అన్నయ్య సైకిలు గుర్తొస్తోంది. వాడు సైకిలు విప్పినప్పుడల్లా గుండ్ల పళ్లెం దగ్గర నాదే కాపలా. ఒకసారి ఒకటి తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. చల్లగా, దాని సైజుకు మించిన బరువుతో ఉంది. నోట్లో కూడా వేసుకున్నాను, కిరోసిన్ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. అన్నయ్య చాప ఎత్తాడు, మెట్లు వెతికాడు, చివరికి నన్ను అడిగాడు. చూడలేదన్నాను. అంతకుముందే పక్కింటి అబ్బాయి వచ్చి వెళ్లాడు కదా, అనుమానం వాడి మీదికి మళ్లింది. నేను మళ్లించానని ఒప్పుకోవాలి. ఇద్దరికీ వారం రోజులు మాటల్లేవు. అన్నయ్య ఉన్న పదీ వేసి బిగించేశాడు. సైకిలు ఏళ్ల తరబడి బాగానే తిరిగింది. వెనక కూర్చున్నప్పుడల్లా కింద ఎక్కడో టిక్కు టిక్కుమని నాకు మాత్రం వినిపించేది. ఆ గుండును ఏం చేశానో గుర్తులేదు. దొంగతనం గుర్తుంది, దొంగసొత్తు గుర్తులేదు.

ఇక్కడిదాకా రాసి ఆగాను. ఎడమ కప్పు విప్పిన రోజు ఫోటో తీసి పెట్టుకున్నాను, అది గుర్తొచ్చింది. తీసి చూశాను. మైనంలా గట్టిపడిన గ్రీజులో గుండ్లు వరసగా కూర్చుని ఉన్నాయి. పెద్దది చేసి, వేలు పెట్టి లెక్కపెట్టాను. పది. ఒకచోట ఖాళీలో గ్రీజు ముద్ద.

ఎవరో, ఎప్పుడో పదే వేసి బిగించారన్నమాట. పనిమంతుడేనా అని తిట్టుకున్నాను ముందు. తరవాత తిట్టబుద్ధి కాలేదు. అతని పళ్లెం దగ్గర ఎవరు కాపలా ఉన్నారో.

పొద్దున మా ఆయనకు చెప్పాలి. చెప్పాలా? "అటు కాదేమో" గెలుపు ఇంకా ఆయన ఖాతాలోనే ఉంది. ఒకే వారంలో రెండంటే ఈ ఇంట్లో ఉండలేం.

ఫోటో మాత్రం అన్నయ్యకు పంపాను, కింద ఏమీ రాయకుండా. ఈ వేళప్పుడు కూడా మేలుకునే ఉన్నాడు. వెంటనే జవాబు వచ్చింది.

"పదే ఉన్నాయేమే? పక్కింటివాణ్ణి అడిగావా?"