పర్లాకిమిడి పిన్ని ఇంటికి, గుణుపురం బండిలో

విశాఖ నుంచి ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడికి బస్సే నయమని అందరూ చెప్పారు. మా అమ్మ వినలేదు. మార్గశిరంలో ఆఖరి లక్ష్మివారం నాటికి చెల్లెలి ఇంట్లో ఉండాలి, అదీ రైల్లోనే వెళ్ళాలి. బస్సులో కళ్ళు మూసుకుని దండకం చదువుకునే మనిషి, రైలెక్కితే మాత్రం కిటికీ ఎవరికీ ఇవ్వదు.

గుణుపురం ప్యాసింజరు ఎక్కాం. విజయనగరం దాటేదాకా బయట మంచు తప్ప ఏమీ లేదు. పెట్టెలో సగం మంది మంకీ క్యాపుల్లో, మిగతా సగం దుప్పట్లలో. చీపురుపల్లిలో ఒకావిడ ఉడకబెట్టిన తేగలు అమ్మకానికి ఎక్కింది. అమ్మ కట్ట కొని, బేరం కుదిరాక అదనంగా ఇంకొకటి లాక్కుంది. పొందూరు దగ్గర ఎండొచ్చింది. కోతలైపోయిన పొలాల్లో కుప్పలు, వాటి మధ్య అప్పుడే మొలకెత్తిన మినుము. నాగావళి, ఆ తర్వాత వంశధార, రెండింటిలోనూ నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ. అమ్మ రెండు నదులకీ రూపాయి బిళ్ళలు వేసింది. రెండోది వంతెన గడ్డరుకు తగిలి ఎటుపోయిందో తెలీదు.

నౌపడలో బండి బాగా ఆగుతుంది. ఒకవైపు ఉప్పు మళ్ళు, చిత్తడి నేల. ఈ చలికాలంలో అక్కడ చూడాల్సింది పక్షుల్ని. దగ్గర్లోని తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు, రంగు కొంగలు గూళ్ళు పెట్టి, పిల్లల్ని చేసి, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. మేత కోసం ఈ చిత్తడికే వస్తాయి. ప్లాట్‌ఫాం మీంచి దూరంగా తెల్లటి గుంపొకటి కనబడింది. పక్క సీటాయన వాటిని చూపించి, "ఆడపిల్లలు పురిటికొచ్చినట్టే బాబూ, ఊరోళ్ళు రాయి ఇసరనివ్వరు" అన్నాడు. అమ్మ ఆయనతో అప్పుడే చుట్టరికం కలిపేసింది. టెక్కలి వచ్చేసరికి వాళ్ళ వియ్యంకుడి ఊరు కూడా తెలిసిపోయింది.

నౌపడ నుంచి చీలే ఈ లైను కథే వేరు. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి తన ఊరికి రైలు కావాలని సొంతంగా వేయించుకున్నది. 1900లో మొదలైంది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. 1931 నాటికి గుణుపురం దాకా సాగింది. అమ్మ పెళ్ళినాటికీ, పిన్ని పెళ్ళినాటికీ అదే బుల్లి రైలు. పిన్నిని అత్తారింటికి పంపింది అందులోనే. పెళ్ళివారి సామాన్లతో సగం పెట్టె నిండిపోయిందనీ, ఎత్తు మీద బండి మెల్లగా వెళ్తుంటే మా మేనమామలు దిగి పక్కన నడిచారనీ అమ్మ చెబుతుంది. ఆ నడక మాట నేను నమ్మను గానీ కథ బాగుంటుంది. 2004లో ఆ రైలు ఆపేశారు. 2011 నాటికి గుణుపురం వరకూ పెద్ద లైను పడింది. ఆ మధ్య ఏళ్ళలో అమ్మ చెల్లెలింటికి వెళ్ళడమే తగ్గించేసింది.

టెంబూరు దాటాక కొండలు దగ్గరకొస్తాయి. పాతపట్నంలో సగం బండి దిగిపోయింది. నీలమణి దుర్గ గుడికి వెళ్ళేవాళ్ళు, ఇటువాళ్ళూ అటువాళ్ళూ. మహేంద్రతనయ దాటితే పర్లాకిమిడి. రాష్ట్రం మారిందని చెప్పేది స్టేషను బోర్డు మీది ఒడియా అక్షరాలే. ఆటో అతను "ఏ ఈధికి ఎల్లాలి?" అని తెలుగులోనే అడిగాడు.

పిన్ని గుమ్మంలోనే అమ్మను పట్టుకుని, "ఏటప్పా, ఇలా సిక్కిపోనావు" అని ఏడ్చేసింది. అమ్మ ఏమీ చిక్కలేదు. ఇద్దరూ ఏడ్చాక టీ వచ్చింది, గిన్నెల్లో మురీలు, అంటే మరమరాలు, వాటి మీద వేడివేడి బఠాణీ కూర ఘుగుని వచ్చింది. చలి మన దగ్గర కంటే బాగా ఎక్కువ. మహేంద్రగిరి 1501 మీటర్ల ఎత్తు, దాని గాలంతా ఈ జిల్లా మీదికే దిగుతుంది. చిన్నాన్న పొద్దు పదింటి దాకా పెరట్లో కుంపటి వదలడు.

లక్ష్మివారం పూజ చూడాలంటే ఆ ఇంట్లోనే చూడాలి. పిన్ని కోడలిది బరంపురం, ఒడియా పిల్ల. తెల్లారకుండానే వీధి గడప నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు, వరి కంకులు వేసింది. కొత్త ధాన్యం కొలిచి మానికలో పోసి పెట్టింది. ఆ పక్కనే పిన్ని మన పద్ధతిలో పీటేసి, పసుపు ముద్ద గౌరమ్మను కూర్చోబెట్టి, అట్లు, పరమాన్నం నైవేద్యం పెట్టింది. కోడలు కథ చదివింది. లక్ష్మి ఊళ్ళోకి వెళ్ళి, అంటరానిదని అందరూ వెలివేసిన శ్రియ ఇంట్లో అడుగు పెడుతుంది. అన్నగారు బలభద్రుడి మాట విని జగన్నాథుడు భార్యను గుడిలోంచి వెళ్ళగొడతాడు. ఆ తర్వాత అన్నదమ్ములిద్దరికీ పిడికెడు అన్నం దొరకదు. ఒక్కో ఘట్టం అవగానే పిన్ని తెలుగులో అమ్మకు చెప్పింది, మధ్యలో సొంత వ్యాఖ్యానం కలుపుతూ. "మరేటి, ఇల్లాల్ని గెంటేస్తే అలాగే అడుక్కోవాలి" అంటూ చిన్నాన్న వైపు చూసింది. ఆయన కుంపటి ఎగదోసుకున్నాడు.

గిడుగు రామమూర్తి గారి ఊరు కదా అని నేను అడగకుండా ఉండలేను. 1880లో ఇక్కడి రాజావారి బడిలో పంతులుగా చేరి, ఇక్కడి కొండల్లోని గిరిజనులు సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాచకాలు రాసి, వాడుక తెలుగు కోసం పోరాడిన ఊరు ఇదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మనవైపు ఈ సంగతి గర్వంగా చెప్పుకుంటాం. చిన్నాన్న మాత్రం, "ఆయన పెద్దోడు, ఎల్లిపోనాడు. మా తాత బట్టల కొట్టు భుజాన ఎత్తుకుని ఎక్కడికి పోతాడు?" అన్నాడు. నేను చదివిన వ్యాసాల్లో ఆ తాతలు లేరు. కొట్టు ఉంది కనుక ఉన్నారు. లెక్కలు తెలుగులో రాశారు, పన్ను కాగితాలు ఒడియాలో నింపారు. ఇప్పుడు ఆ కొట్లో కూర్చునే మా తమ్ముడు ఒకే మాటలో రెండు భాషలు మాట్లాడి, బేరం మాత్రం ఎప్పుడూ తెలుగులోనే ముగిస్తాడు. సరుకు బరంపురం నుంచి, పెళ్ళి కొనుగోళ్ళకు జనం పాతపట్నం నుంచి. పెట్రోలు ఇటువైపు చవక గనక పాతపట్నం బళ్ళన్నీ ఇక్కడే టాంకులు నింపుకుంటాయి.

వాడి కొడుకు ఏడో తరగతి. తెలుగు గలగలా మాట్లాడతాడు, ఒక్క అక్షరం చదవలేడు. వాళ్ళ మామ్మ తెలుగులో రాసిన కిరాణా చీటీ వాడికి బొమ్మల్లా కనిపిస్తుంది. అమ్మ వాణ్ణి కూర్చోబెట్టి 'అ ఆ'లు మొదలెట్టింది. 'ఋ' దగ్గర వాడు క్రికెట్‌కు పారిపోయాడు.

మర్నాడు నేనొక్కణ్ణే గుణుపురం వెళ్ళాను. నాతో చదువుకున్న మిత్రుడు అక్కడ కాలేజీలో పాఠాలు చెబుతాడు. కాశీనగరం దాటాక వంశధార పక్కకొస్తుంది. స్టేషన్లలో ఎక్కే సవర ఆడవాళ్ళ బుట్టల్లో కందులు, చిక్కుడుకాయలు. గుణుపురంలో పత్తి సీజను, రోడ్డంతా పత్తి ట్రాక్టర్లే.

మిత్రుడి సహోద్యోగి ఒకాయన సవర. సాయంత్రం టీ దగ్గర గిడుగు గారి మాట ఎత్తాను. ఆయనకు బాగా తెలుసు, గౌరవంగానే మాట్లాడాడు. ఆ తర్వాత జేబులోంచి పెన్ను తీసి, "మాకూ సొంత లిపి ఉంది" అన్నాడు. సొరాంగ్ సొంపెంగ్, 24 అక్షరాలు. మంగై గొమాంగో అనే సవర పెద్దాయన 1936లో వెలికి తెచ్చాడు. ఆ అక్షరాలనే అక్షరబ్రహ్మగా పూజిస్తారు. ఆ ఏడాది వినగానే నేను మళ్ళీ అడిగాను. అవును, 1936. మనవాళ్ళు, ఒడియా వాళ్ళు ఏ ఊరు ఎవరిదని కొట్లాడుకుంటున్నప్పుడు, ఆ కొండల అసలు మనుషుల్ని ఎవరూ అడగలేదు. వాళ్ళు తమ పని తాము చేసుకున్నారు. టీ బిల్లు వెనక మా అమ్మ పేరు ఆ లిపిలో రాసిచ్చాడు.

పర్లాకిమిడి తిరిగొచ్చి చూపిస్తే అమ్మ తిరగేసి చూసి, "ఇరవై నాలుగేనా? ఆ గుంటడికి ఇవే నేర్పాల్సింది" అంది. ఋ మీద ఆవిడ కోపం ఇంకా తగ్గలేదు.

తిరుగు బండికి పిన్ని స్టేషనుకొచ్చింది, అరిసెల డబ్బా, కొత్త బియ్యం మూట పట్టుకుని. సంక్రాంతికి విశాఖ రమ్మని అమ్మ పట్టు. ధాన్యం అమ్మకుండా ఎలా వస్తానని పిన్ని. "కనుమ దాటాక సూద్దాం" అంది. బండి కదులుతున్నా తెగలేదు. పాతపట్నంలో అమ్మ నా ఫోను లాక్కుని మళ్ళీ మొదలుపెట్టింది, టెక్కలి దాకా అదే గొడవ.