ఫొటో కింద రాయని రెండు వాక్యాలు

విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి కాస్త ఉత్తరంగా, జూలైలో ఒక రోజు తెల్లవారుతుండగా తీసిన ఫొటో అది. రాత్రంతా అలలు కోసేసిన ఇసుక గట్టు మీద ఒక కొబ్బరి చెట్టు సగం ఒరిగి ఉంది, బయటపడ్డ దాని వేర్లకు చిక్కుకున్న నీలం రంగు వల ముక్క గాలికి ఊగుతోంది. జర్నలిజం కోర్సు మొదటి ఏడాదిలో నేను తీసిన వాటిలో అదే మంచి ఫొటో అని ఇప్పటికీ అనుకుంటాను. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినప్పుడు దాని కింద ‘కోత’ అన్న ఒక్క మాట మాత్రమే రాశాను. మిగతాది చూసేవారికే అర్థమవుతుందని నమ్మాను.

అక్టోబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న వార్త వచ్చిన రోజు, అదే ఫొటో మా క్లాసు వాట్సాప్ గ్రూపులోకి తిరిగి వచ్చింది. దాని మీద ఎవరో ఎర్రటి అక్షరాలతో ‘బ్రేకింగ్: విశాఖ తీరంలో తుపాను బీభత్సం, ఆర్కే బీచ్‌లో తాజా దృశ్యం’ అని రాశారు. ఆ రోజు బీచ్‌లో పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు.

గంట తిరగకముందే మత్స్యకారులుండే పెదజాలరిపేట నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు అమల్లో ఉండే వేట నిషేధం గురించి క్లాసు కోసం రాసిన కథనంలో నాతో మాట్లాడిన, చేపలు అమ్ముకునే ఒక పెద్దావిడ. “అమ్మా, ఇదేటి, మన బీచేనా? మావోడు ఏటకెల్లాడు, ఇంకా రానేదు” అన్న ఆమె గొంతు వణుకుతోంది. ఆ ఫొటో నేనే తీశానని, అది జూలై నాటిదని, సముద్రం ఇప్పుడు ప్రశాంతంగానే ఉందని చెప్పాను. కాసేపు ఆమె ఏమీ మాట్లాడలేదు. తర్వాత “మరి ఎప్పుడిదో రాయాల కదమ్మా” అని ఫోన్ పెట్టేశారు. కొడుకు సాయంత్రానికి ఒడ్డు చేరాడు.

ఫోన్ కెమెరాతో తీసిన ప్రతి ఫొటోలోనూ తేదీ, సమయం, అనుమతిస్తే స్థలం కూడా దాగి ఉంటాయని క్లాసులో చదువుకున్నాను. అయితే వాట్సాప్‌లో మామూలుగా పంపినప్పుడు, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినప్పుడు ఆ వివరాలు తొలగిపోతాయి. కాబట్టి చేతులు మారే ఫొటోకు తోడుగా వెళ్లగలిగేది దాని కింద మనం రాసిన వ్యాఖ్య ఒక్కటే. వీలైతే ఫొటో మీదే ముద్రించాలి, ఎందుకంటే కింద రాసినది కూడా కత్తిరింపులో పోతుంది.

తేదీ కంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. ఆ చెట్టు ఎందుకు ఒరిగిందో నేను రాయలేదు. నైరుతి రుతుపవనాల కాలంలో మన తీరం వెంబడి ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1970లలో విశాఖ పోర్టు ఔటర్ హార్బర్ కోసం కట్టిన బ్రేక్‌వాటర్లు (అలలను ఆపే రాతి గట్లు) ఆ కదలికకు అడ్డుపడటంతో, దక్షిణాన ఇసుక మేట వేస్తే ఉత్తరాన ఆర్కే బీచ్‌కు కొరత ఏర్పడుతుంది. అందుకే పోర్టు డ్రెడ్జర్‌తో ఇసుక తవ్వించి బీచ్‌కు తరలిస్తూ ఉంటుంది. ఏళ్ల తరబడి సాగుతున్న ఈ కోతే మన నగరానికి అసలైన స్థానిక వార్త. నేను దాన్ని అందమైన దృశ్యంగా మార్చి పెట్టాను, ఇంకెవరో దాన్ని తుపానుగా మార్చారు. రెండింటిలోనూ అసలు వార్త పోయింది.

2020 మే 7న విశాఖ వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు నేను స్కూల్లో చదువుతున్నాను. రోడ్ల మీద పడిపోయిన మనుషుల ఫొటోలు మా ఇంట్లో టీవీ పెట్టకముందే ఫోన్లకు వచ్చాయి, వాటిలో ముఖాలు స్పష్టంగా కనిపించాయి. ఆ ఫొటోల వల్లే చాలామందికి ప్రమాదం తీవ్రత తెలిసిందన్నది నిజం. అయినా తన తల్లి అలా పడి ఉన్న ఫొటోను బంధువుల గ్రూపులో చూసిన బిడ్డ ఎవరైనా ఉంటే ఏమనుకుని ఉంటారన్న ప్రశ్న ఇప్పుడు కెమెరా పట్టుకున్న ప్రతిసారీ నన్ను అడ్డుకుంటుంది. అందుకే ప్రమాద స్థలాల్లో దూరం నుంచే తీస్తున్నాను.

ఈ ఏడాది ఒక దినపత్రిక జిల్లా డెస్కులో ఇంటర్న్‌గా పనిచేసినప్పుడు, నా ఫొటో చూసిన ఒక సీనియర్ సబ్ ఎడిటర్ “ఎటు నిలబడి తీశావమ్మా, ఎన్ని గంటలకు?” అని అడిగిన తర్వాతే అది బాగుందో లేదో చెప్పేవారు. అది నాకు బాగా నచ్చిన పద్ధతి.

దిద్దుబాటు పోస్టు నేను ఆ సాయంత్రమే పెట్టాను. తప్పుడు ఫొటో చూసినవారిలో కొద్దిమందికే అది చేరింది. కోస్తాకు వాయుగుండం హెచ్చరిక వస్తే ఆ కొబ్బరి చెట్టు ఏదో ఒక గ్రూపులో మళ్లీ కనిపిస్తుంది. నేను ప్రతిసారీ అసలు ఫొటో జతచేసి, తేదీ, సమయం, చోటు, కోతకు కారణం రాసి పంపుతున్నాను. పెదజాలరిపేటకు మాత్రం ముందే ఫోన్ చేస్తాను.