ఫైబర్ బోటు అడుగు: రంగుకు ముందు పని

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అడుగు రంగు పనికి అదే అదను. రంగు పూయడం తేలికే, శ్రమంతా దానికి ముందే.

గుల్లలు, నాచు తడి ఆరకముందే గీకెయ్యాలి. ఎండితే సిమెంటులా పట్టేస్తాయి. గీకే రేకు మూలలు అరగదీసుకోండి, లేకపోతే జెల్‌కోట్‌కి, అంటే ఫైబర్ పైనుండే నున్నటి పొరకి, గాట్లు పడతాయి. ఆపైన మంచినీళ్లతో బాగా కడగాలి. ఉప్పు మిగిలితే చెమ్మ లాగి, కొత్త రంగు కింద బొబ్బలు లేపుతుంది.

ఎక్కువమంది తప్పేది తర్వాతి మెట్టులో. జిడ్డు తుడవకుండానే ఎమెరీ పట్టిస్తారు. అప్పుడు నూనె, మైనం గీతల్లోకి దిగి, రంగు పొరలుగా ఊడుతుంది. ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి, అది ఆరేలోపే పొడి గుడ్డతో ఎత్తెయ్యండి. నీళ్లు చల్లితే పరచుకోవాలి. చుక్కలుగా విడిపోతే జిడ్డు ఉన్నట్టే.

గుల్లలు పట్టకుండా వేసిన పాత రంగులో సాధారణంగా రాగి ఉంటుంది, ఆ దుమ్ము విషం. 80 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి, మాస్కు తప్పనిసరి.

పాత బొబ్బలను గట్టి ఫైబర్ తగిలేదాకా తెరిచి, కడిగి, ఆరనివ్వాలి. పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. లోపల చెమ్మ పడితే ఇంకా ఆరలేదు. నీటిగీత కింద ఎపాక్సీ పుట్టీయే వాడాలి. కార్ల పుట్టీ చవకే గానీ నీరు పీలుస్తుంది. ఎపాక్సీ గట్టిపడ్డాక పైన జిగురు పొర తేలవచ్చు. నీళ్లతో కడిగాకే 120 నంబరు పేపర్ పట్టించి, ప్రైమర్ ఎత్తుకోండి.