ఎవరూ కసరకుండానే

ఈరోజు ఆఫీసులో మామూలు రోజే. మధ్యాహ్నం హాజరు గురించి కొత్త రూలు వచ్చింది. కాస్త ఆలస్యమైనా అరపూట సెలవు కట్. "ఇది అణచివేత కాకపోతే ఇంకేంటి!" అన్నాడు పక్క సీటతను. ఆ రూలు నాకూ నచ్చలేదు. కానీ మేం మెయిల్ పెడతాం, మేనేజర్‌తో వాదిస్తాం, కుదరకపోతే వేరే ఉద్యోగం చూసుకుంటాం. అడగడానికి నోరు, బయటపడటానికి దారి ఉన్నప్పుడు దాన్ని అన్యాయం అంటే సరిపోతుంది.

ఆ గొడవ జరుగుతుండగానే మా ఫ్లోర్ శుభ్రం చేసే ఆవిడ గోడవారగా నిలబడి ఉంది. పక్కన కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోమన్నాను. "వద్దులెండి మేడమ్, సూపర్‌వైజర్ చూస్తే..." అని అక్కడితో ఆపేసింది. బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటూ అలాగే నిలబడింది. ఆవిడది కాంట్రాక్టు పని. రాని రోజుకి జీతం లేదు. గట్టిగా అడిగితే మర్నాటి నుంచి రావద్దంటారు. ఎవరికైనా చెప్పుకుందామంటే కంపెనీ కాంట్రాక్టర్‌ని చూపిస్తుంది, కాంట్రాక్టర్ కంపెనీని చూపిస్తాడు.

అమెరికన్ తత్వవేత్త మార్లిన్ ఫ్రై 1983లో అణచివేతను పంజరంతో పోల్చారు. ఒక్క ఊచనే చూస్తే, పిట్ట దాని పక్కనుంచి ఎగిరిపోవచ్చు కదా అనిపిస్తుంది. అన్ని ఊచలూ కలిపి చూస్తేనే ఎందుకు పోలేదో తెలుస్తుంది. మా ఫ్లోర్ శుభ్రం చేసే ఆవిడ సంగతీ అంతే. కుర్చీ, జీతం, కాంట్రాక్టు దేనికది విడిగా చూస్తే చిన్న విషయమే.

అణచివేత అంటే ఒక దుర్మార్గుడు ఉండి తీరాలనుకుంటాం. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష నడిచిన రోజుల్లో నల్లజాతివాళ్ళు పాస్‌బుక్, అంటే ఎక్కడ ఉండొచ్చో తిరగొచ్చో చెప్పే గుర్తింపు పుస్తకం, దగ్గర లేకుండా కనిపిస్తే అరెస్టు చేసేవారు. అడిగిన పోలీసు మర్యాదస్తుడైతే మాత్రం ఆ చట్టంలో ఏం మారుతుంది? 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో ఆ పాస్‌లకు ఎదురుతిరిగి జనం గుమిగూడితే, పోలీసు కాల్పుల్లో అధికారిక లెక్క ప్రకారమే 69 మంది చనిపోయారు. పాస్ చట్టాలు రద్దవడానికి 1986 దాకా పట్టింది. మా ఆఫీసు వ్యవహారాన్ని దాని సరసన పెట్టడం లేదు, ఆ తేడా నాకు తెలుసు. మనుషులు మంచివాళ్ళైనా ఏర్పాటే నొక్కేస్తుంది, ఆ ఒక్క విషయం కోసమే చెప్తున్నాను.

సాయంత్రం అడ్మిన్ ఆయన దగ్గరికి వెళ్ళి కుర్చీల సంగతి కదిపాను. "వాళ్ళెవరూ కంప్లైంట్ చేయలేదే" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నోరు విప్పితే పని పోయే మనిషి దగ్గర కంప్లైంట్ కోసం ఎదురుచూడటమేంటి? ఆమాటే చెప్పాను. కాసేపు ఊరుకుని, "సరే, మీరు రాసివ్వండి" అన్నాడు. ఆవిడ పేరు ఎక్కడా రాకుండా, శుభ్రం చేసేవాళ్ళందరి కోసం మా టీమ్ అడుగుతున్నట్టు రాయాలి. పేరు పడితే ముందు ఇబ్బందిపడేది ఆవిడే.