కిటికీ పక్క మూడో బెంచీ

ఏడో తరగతిలో నా చోటు కిటికీ పక్కన మూడో బెంచీ. వాన వెలిసిన ఓ మధ్యాహ్నం లెక్కల పీరియడ్ నడుస్తోంది. కిటికీ ఊచ కింద నీటి చుక్కలు వరసగా వేలాడుతున్నాయి. ఒకటి మెల్లగా జారి పక్కదాన్ని కలుసుకుంది. రెండూ ఒకటై, ఉబ్బి, టప్పున రాలిపోయాయి. విడిగా ఉన్నంతసేపూ నిలిచినవి కలవగానే ఎందుకు పడ్డాయి? బోర్డు మీద ఏముందో నాకు తెలీదు.

"ఎక్కడి దాకా వెళ్లొచ్చావు?"

మాస్టారు నా పక్కనే నిలబడి ఉన్నారు. అంతకుముందు ఏడాది వేరే క్లాసులో ఇలాగే దొరికిపోయి, గంట కొట్టేదాకా బెంచీ ఎక్కి నిలబడ్డాను. ఆ భయంతో నోరు పెగల్లేదు. ఆయన కదల్లేదు. చివరికి చుక్కల సంగతి చెప్పాను. ఆయనా వంగి ఊచ కేసి చూశారు. "నోటుబుక్కు వెనక పేజీలో రాసి పెట్టుకో. ఇప్పుడు మాత్రం ఈ లెక్క చూడు" అన్నారు.

ప్రశ్న రాసిపెట్టి, కాసేపు వదిలెయ్యమన్న ఆ మాట విలువ నాకు చాలా ఏళ్లకు గానీ తెలిసిరాలేదు. 2012లో అచ్చయిన ఓ ప్రయోగంలో, మామూలు వస్తువులకు కొత్త ఉపయోగాలు చెప్పమని కొందరిని అడిగారు. మధ్యలో మనసు తిరగడానికి వీలుండే తేలిక పని చేసినవాళ్లు తర్వాత మెరుగైన జవాబులిచ్చారు. అయితే ముందే ఒకసారి తలపట్టుకున్న ప్రశ్నలకే ఆ మేలు, కొత్తవాటికి కాదు. అంటే ముందు బుర్రలో ఏదో ఒకటి పడాలి, తర్వాత దాన్ని కాసేపు వదిలెయ్యాలి. మనం ఏ పనీ పెట్టుకోనప్పుడే మెదడులో కొన్ని భాగాలు మరింత చురుగ్గా ఉంటాయని మెదడు శాస్త్రవేత్త మార్కస్ రైకల్ బృందం 2001లోనే చెప్పింది. జ్ఞాపకాలను నెమరేసుకునేదీ, రేపటిని ఊహించుకునేదీ చాలావరకు వాటితోనే.

దిక్కులు చూసే పిల్లలందరిదీ ఒకటే కథ కాదు. దిగులుతోనో భయంతోనో మనసు పారిపోయే పిల్లలూ ఉంటారు. మనస్తత్వవేత్త జెరోమ్ సింగర్ పగటికలల మీద దశాబ్దాలు పనిచేసి ఈ తేడాను విడమరిచారు. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే మాస్టారిలా అడగాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి.

పై తరగతిలో తలతన్యత (నీటి పైభాగం సాగదీసిన పొరలా బిగుసుకుని ఉండే గుణం) పాఠం వచ్చిన రోజు నాకు ఊచ కింది చుక్కలే కనిపించాయి. రెండు చుక్కలు కలిస్తే బరువు రెట్టింపవుతుంది, ఊచను పట్టుకునే అంచు అంతగా పెరగదు. ఇంటికెళ్లి పాత నోటుబుక్కు తీసి, ఆ ప్రశ్న కింద జవాబు రాసుకున్నాను. దాని కిందే ఇంకో ప్రశ్న ఉంది: చుక్క జారేటప్పుడు ఆగి ఆగి ఎందుకు జారుతుంది?