ఉన్నది ఉన్నట్టు రాసినందుకు

పక్షవాతం వచ్చిన పదకొండు నెలలకు, నిన్న సాయంత్రం, లైసెన్సు చేతికొచ్చింది. మెదడు కుడివైపు దెబ్బతిని నా ఎడమ చేయి, ఎడమ కాలు బలహీనపడ్డాయి. గేరు వేసే చేయీ, క్లచ్ తొక్కే కాలూ అవే కనుక ఆటోమేటిక్ కారు కొని, స్టీరింగుకు కుడిచేత్తో తిప్పే గుండ్రని పిడి బిగించుకున్నాను. 25 మీటర్ల దూరం నుంచి నంబరు ప్లేటు చదవడం, ఎరుపు ఆకుపచ్చల తేడా చెప్పడం ఒక్క పూటలో అయిపోయాయి.

అసలు పరీక్ష అంతకుముందే ఆసుపత్రిలో జరిగింది. కాగితం నిండా చెల్లాచెదురుగా ఉన్న చిన్న నక్షత్రాలన్నిటినీ కొట్టేయమంటే, నిమిషంలో కొట్టేసి గర్వంగా ఇచ్చాను. థెరపిస్టు ఏమీ అనకుండా ఆ కాగితాన్ని నా కుడిపక్కకు జరిపారు. ఎడమ అంచున ఏడు నక్షత్రాలు అలాగే ఉన్నాయి. కళ్లకు లోపం లేదు, మెదడే ఎడమవైపును లెక్కలోకి తీసుకోవడం లేదు. ఎడమ నుంచి స్కూటర్లు దూసుకొచ్చే హైదరాబాదులో ఆ ఏడింటి అర్థం నాకు వెంటనే తెలిసింది. తల తిప్పి వెతకడం అలవాటు కావడానికే నాలుగు నెలలు పట్టింది.

ఇక రవాణా కార్యాలయం. చేతుల్లో గానీ కాళ్లలో గానీ కండరాల బలం తగ్గిందా అని ఫారం 1 అడుగుతుంది. బయట ఉన్న ఏజెంటు, "లేదని రాసేయండి సార్, పనైపోతుంది" అన్నాడు. ఉందనే రాశాను. అందుకు ఫలితంగా, వరుసలో నిలబడ్డ నలభై మంది ముందు అధికారి నన్ను తలుపు దాకా నడిచి చూపించమన్నారు, తర్వాత చేయి పైకెత్తమన్నారు. అది భుజం దగ్గరే ఆగిపోయింది. వెనుక ఎవరో "పాపం" అన్నారు. "ఈ వయసులో మీకెందుకండీ, డ్రైవరును పెట్టుకోండి" అని అధికారి సలహా. 1988 మోటారు వాహనాల చట్టం 8వ సెక్షనులోనే మార్పులు చేసిన బండికి లైసెన్సు ఇచ్చే వీలుందని, 2019 సవరణ అలాంటి బండికి 'అడాప్టెడ్ వెహికల్' అని పేరు కూడా పెట్టిందని చెబితే, "అవన్నీ మాకు తెలుసులెండి" అన్నారు. మూడుసార్లు తిప్పారు. థెరపిస్టు నివేదికను నేనే అందిస్తే, చదవకుండా ఫైలు అడుగున పెట్టారు. నా కుంటి నడకను అంత శ్రద్ధగా చూసినవారికి నా ఎడమవైపు చూపు గురించి అడగాలని తోచనే లేదు.

ట్రాకు మీద మాత్రం మొదటిసారే గెలిచాను. నా ముందు వెళ్లిన కుర్రవాడు స్తంభాన్ని గుద్దాడు, ఆ మాట రాయకుండా ఉండలేకపోతున్నాను. పక్షవాతం తర్వాత బండి నడపాలనుకునేవారు కార్యాలయం కంటే ముందు థెరపిస్టు దగ్గరికి వెళ్లండి, ఫారంలో అబద్ధం మాత్రం రాయకండి.

ఇంటికి రాగానే కారు ముందు అద్దానికి ఎడమ అంచున ఎర్ర టేపు ముక్క అంటించాను. ఈ ఉదయం కూరగాయలకు వెళ్తూ ప్రతి మలుపులోనూ దాన్ని వెతికాను. ఒక్కచోట మరిచిపోతే పక్కన కూర్చున్న మా ఆవిడ, "ఎడమ" అంది.